ఒకడికి అక్షరమే అడ్డు... ఒకతెకు తరగతే ఇరుకు

వెనకబడిన పిల్లవాడు, ముందుకురికే పిల్ల... ఇద్దరికీ బడిలో తోడు కావాలి
సరిహద్దు ఇళ్లలో చదువుకు భాష కూడా ఒక పరీక్షే
చట్టం ఏమంటోంది? ఏ తరగతిలో ఏ అవకాశం?

హోసూరు, పావగడ: ఉదయం ఆరు గంటలు. హోసూరు దగ్గర బాగలూరు రోడ్డు పక్కన ఒక గులాబీ తోట. కోసిన పూలను 20 చొప్పున కట్టలు కడుతున్నారు. తండ్రి పక్కనే కూర్చున్న పదకొండేళ్ల పిల్లవాడు కట్టలు లెక్కబెడుతున్నాడు. 'ఎన్నిరా?' అన్నాడు తండ్రి. 'ముప్పై ఏడు నాయనా.' 'కట్ట నలభై అయిదుకు పోతే?' వాడు రెప్ప వేయలేదు. '1,665. మండీవాళ్లు నూటికి పది పట్టుకుంటే మనకు 1,498 రూపాయల 50 పైసలు.' కాగితం లేదు, పెన్సిలు లేదు.

అదే పిల్లవాడి గణితం పరీక్ష పేపరు తల్లి బీరువాలోంచి తీసి చూపింది. 100కు 14 మార్కులు. ఎర్ర సిరాతో అడ్డగీతలు. 'చదివేదానికి కూర్చోబెడితే కడుపునొప్పి అంటాడు సార్. బుర్ర లేదా అంటే ఉండాది. ఏం చేసేదో తెలీడం లేదు' అంటూ కళ్లు ఒత్తుకుంది. చదువుతున్నది ప్రైవేటు ఇంగ్లిషు మీడియం బడిలో, ఆరో తరగతి. వచ్చే ఏడాదికి వేరే బడి చూసుకోమని బడివాళ్లు చెప్పేశారు. తండ్రి ఆలోచన వేరు. 'ఎనిమిదో తరగతి దాకా లాగించి తోటలోకి తెచ్చుకుంటా. లెక్క వస్తుంది కదా, చాలు' అంటున్నాడు.

ఆ పేపర్లో ఒక లెక్క చూశాం. ఒక దుకాణదారు 24 పెట్టెలు కొన్నాడు, పెట్టె ఇంత, అమ్మింది ఇంత, లాభమెంత అనేది ప్రశ్న. పిల్లవాడు ఏమీ రాయకుండా వదిలేశాడు. దాన్నే తెలుగులో చదివి వినిపించాం. అర నిమిషంలో జవాబు చెప్పాడు. జవాబు సరైనదే.

అంటే వాడికి రానిది లెక్క కాదు. లెక్క రాసి ఉన్న వాక్యం!

ఇక రెండో ఇల్లు ఇక్కడికి చాలా దూరం. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఒక పల్లె. వేరుసెనగ రైతు ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అమ్మాయి ఎనిమిదో తరగతి. మాస్టారు బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపే ఆమె చేసి పెట్టేస్తుంది. తర్వాత ఏం చేస్తావని అడిగితే 'చిన్న క్లాసు పిల్లలకు కాపలా కూర్చుంటా' అంది నవ్వుతూ. తిరుమణి వైపు సోలార్‌ పార్కులో పలకలన్నీ ఎందుకు వంచి పెట్టారని ఒకసారి అడిగిందట. అది పాఠంలో లేదన్నారట. అప్పటి నుంచి అడగడం మానేసింది.

వాడు వెనక బెంచీ, ఆమె ముందు బెంచీ. పైకి ఇద్దరికీ పోలికే లేదు. నిజానికి ఇద్దరి సమస్యా ఒకటే. మధ్యలో ఉన్న పిల్లవాణ్ని చూసి కుట్టిన చొక్కా ఒకరికి పొడుగు, మరొకరికి పొట్టి.

భాష తెలియకా? చదవలేకా?

సరిహద్దుకు ఇవతల ఉన్న మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు. వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో. బడిలో ఆ భాషతో పాటు ఇంగ్లిషు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పెంచుకుంటూ వెళ్లారు. తెలుగు కూడా నేర్పించాలనుకునే ఇంట్లో పిల్లవాడు మూడు లిపులు మోయాలి.

ఈ గందరగోళంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. భాష కొత్త కావడం వల్ల తడబడే పిల్లవాణ్ని మొద్దు అనేస్తున్నారు. నిజంగా చదవడంలో లోపం ఉన్న పిల్లవాణ్ని 'భాష కొత్త కదా, అదే వస్తుందిలే' అని వదిలేస్తున్నారు. రెండో పొరపాటుకు మూడు నాలుగేళ్లు కరిగిపోతాయి.

తేడా పట్టుకోవడానికి లిపులే కొంత సాయం చేస్తాయి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. తమిళ బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు తెలుగులో 'గది'ని 'కది' అనీ, 'బండి'ని 'పండి' అనీ రాస్తే అది జబ్బు కాదు. వాడి చేతికి అలవాటైన లిపి అలాంటిది. ఒడియాలో అక్షరానికి సహజంగా ఉండే అకారాన్ని ఒకారంలా పలుకుతారు. బరంపురం, రాయగడ వైపు పిల్లలు తెలుగు చదివేటప్పుడు ఆ యాస తొంగిచూస్తుంది. మరాఠీలో 'రామ' అని రాసి 'రామ్‌' అని చదువుతారు. తెలుగులో మాట చివర అచ్చు పలకాలి. సోలాపూర్‌, నాందేడ్‌ పిల్లలు అక్కడ ఆగిపోతారు. కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్లు. బళ్లారి, పావగడ, కోలారు పిల్లలకు తలకట్టు తేడా తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు.

ఇలాంటి తప్పులకు ఒక పద్ధతి ఉంటుంది. ఒకే చోట వస్తాయి. సరిదిద్దితే కొన్నాళ్లకు పోతాయి. చదవడంలో లోపం అలా కాదు. అది భాష మారినా వెంటే వస్తుంది. ఇంట్లో బాగా మాట్లాడే తెలుగును కూడా చదవలేకపోతున్నాడా, తమిళం, ఇంగ్లిషు కూడా అంతేనా? ఏళ్లు నేర్పినా అదే తంతా? అప్పుడు అనుమానించాలి.

ఇవి గమనించండి

చదవడంలో వచ్చే ఈ ఇబ్బందిని డిస్‌లెక్సియా అంటారు. రాయడంలో వస్తే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వస్తే డిస్‌కాల్కులియా. 2007లో వచ్చిన హిందీ సినిమా 'తారే జమీన్‌ పర్‌' చూసినవారికి మొదటి పేరు తెలిసే ఉంటుంది. ఇది తెలివి తక్కువతనం కాదు. బద్ధకం కాదు. కళ్లు కనబడకపోవడమూ కాదు. విన్న శబ్దాన్నీ, చూసిన అక్షరాన్నీ జోడించే పని మెదడులో మనందరిలా సులువుగా సాగదు. అంతే. చాలా ఇళ్లలో ఇది తరతరాలుగా వస్తుంటుంది. 'నేనూ చిన్నప్పుడు ఇట్లే' అని తండ్రో, మేనమామో అనడం అందుకే.

తెలుగులో ఎలా బయటపడుతుంది? ప, వ, మ, ష లాంటి పోలిక ఉన్న అక్షరాల దగ్గర రెండో తరగతి దాటాక కూడా తికమక. గుణింతం వరసగా అప్పజెప్పగలడు, మాట మధ్యలో 'కి', 'కీ' వస్తే పోల్చుకోలేడు. ఒత్తులు వదిలేస్తాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదువుతాడు. బోర్డు మీదిది ఎక్కించుకోవడానికి తోటివారికన్నా రెండింతలు సమయం తీసుకుంటాడు. నోటితో అడిగితే జవాబు చెబుతాడు, రాయమంటే తెల్ల కాగితం ఇస్తాడు. చదువు మాట ఎత్తితే తలనొప్పి, కడుపునొప్పి.

వీటిలో ఒకటో రెండో అందరు పిల్లల్లోనూ చిన్నప్పుడు ఉంటాయి. చాలావరకు ఒకేచోట కనిపించి, ఏళ్ల తరబడి పోకుండా ఉంటేనే పట్టించుకోవాలి.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. ఒక పేజీ పిల్లవాడితో చదివించి అర్థం అడగండి. అలాంటిదే ఇంకో పేజీ మీరు చదివి వినిపించి అడగండి. వింటే అంతా అర్థమై, చదివితే ఏమీ అందకపోతే ఇబ్బంది అక్షరం దగ్గర ఉంది. వింటే కూడా అర్థం కాకపోతే భాష దగ్గరో, మరోచోటో ఉంది. దీంతో తేలిపోతుందని కాదు. ఎటు వెళ్లాలో దారి తెలుస్తుంది.

లేహ్యాలు, తాయెత్తులు, నాలుగు ట్యూషన్లు... ఇవన్నీ అయ్యాకే చాలామంది తల్లిదండ్రులు అసలు దారికి వస్తున్నారు. సరస్వతీ ఆకు తినిపిస్తే ఒత్తులు రావు. కొడితే అసలే రావు. దీనికి మందు బిళ్ల లేదు. శబ్దాన్ని విడగొట్టి, అక్షరాన్ని తాకించి, రాయించి, పలికించి, మెట్టుమెట్టుగా నేర్పే పద్ధతులున్నాయి. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

చట్టంలో చోటు ఉంది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. అప్పట్లో గుర్తించినవి ఏడు వైకల్యాలే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం ఇందులో చేరాయి. ఈ చట్టం 16వ సెక్షన్‌ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బళ్లూ, ప్రభుత్వ గుర్తింపు పొందిన బళ్లూ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత ముందుగా గుర్తించాలి, తగిన బోధన పద్ధతులు పాటించాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు.

కాబట్టి 'మావల్ల కాదు, వేరే బడి చూసుకోండి' అనే మాట గుర్తింపు ఉన్న ఏ బడికీ తగదు. ఎవరైనా అంటే నోటిమాటతో వెనక్కి రావద్దు. లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క మాటతోనే స్వరం మారుతుంది.

భాష విషయంలోనూ రాజ్యాంగం అండ ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో ఇది చేరింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన సాగాలంటుంది. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ఇది ఊతకర్ర లాంటిది. ఇంటి భాషలో మాట తెలుసు కాబట్టి అక్షరంతో మాత్రమే కుస్తీ పడితే చాలు. తెలియని భాషలో అయితే అక్షరంతోనూ, అర్థంతోనూ రెండు కుస్తీలు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట కళ్లు, చెవులు. ఖర్చు లేని పని. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. బోర్డు కనబడక, మాస్టారి మాట సగమే వినబడక వెనకబడే పిల్లలు తక్కువేం కాదు.

రెండు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో దేశవ్యాప్తంగా మొదలైంది. 18 ఏళ్ల లోపు పిల్లల కోసం వైద్య బృందాలు ప్రభుత్వ, ఎయిడెడ్‌ బళ్లకు వస్తాయి. వారు చూడాల్సిన సమస్యల్లో అభ్యసన లోపాలూ ఉన్నాయి. అనుమానం ఉంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. బృందం వచ్చే రోజు ఎప్పుడో హెడ్‌మాస్టారిని అడిగి, ఆరోజు మీరు బడిలో ఉండండి.

మూడు, పెద్ద పరీక్ష. హోసూరు, కోలారు, పావగడ వారికి బెంగళూరులోని నిమ్‌హాన్స్‌ దగ్గర. అభ్యసన వైకల్యాన్ని నిర్ధారించడానికి ప్రభుత్వ మార్గదర్శకాల్లో చేర్చిన పరీక్షల వరసకు నిమ్‌హాన్స్‌ పేరే ఉంది. చెన్నై వైపు వారికి ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయమైతే సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అక్కడ తెలుగులో మాట్లాడి చెప్పుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లినా ముందు ఒక మాట చెప్పి తీరాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో ఫలానా భాష, ఇన్నేళ్లుగా నేర్చుకుంటున్నాడు అని. ఇది చెప్పకపోతే భాష తెలియకపోవడాన్ని వైకల్యంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. పాత నోటు పుస్తకాలు, పరీక్ష పేపర్లు వెంట తీసుకెళ్లండి. మార్కుల పట్టీ కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

2018 మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. అంటే సుమారు మూడో తరగతి. చాలామంది పదో తరగతి ఫీజు కట్టే రోజు దాకా ఆగి పరుగులు తీస్తారు. అప్పటికి ఆలస్యమే. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు అడగవచ్చు. కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉంది. భాషా సబ్జెక్టుల్లో మినహాయింపు మాత్రం బోర్డును బట్టి మారుతుంది. తొమ్మిదో తరగతిలోనే కనుక్కోవాలి.

ధ్రువపత్రం అంటే చాలామంది తల్లులు జంకుతున్నారు. 'రేపు ఆడపిల్లకు సంబంధం రావద్దా?' అనేది ఒకరి భయం. 'వికలాంగుడని ముద్ర వేస్తారా?' అనేది మరొకరి బాధ. ఆ భయం తీసిపారేయదగింది కాదు. కానీ 'మొద్దు' అనే ముద్ర అప్పటికే పడి ఉంది. దానికి ఏ వెసులుబాటూ రాదు!

తరగతిలో చేయదగ్గవి

ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సమగ్ర శిక్ష కింద బ్లాకు స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రిసోర్సు టీచర్లు ఉంటారు. ఆంధ్ర, తెలంగాణల్లో భవిత కేంద్రాలు ఈ పనే చేస్తాయి. కానీ వారు రోజూ రాలేరు. రోజూ ఉండేది తరగతి మాస్టారే. ఖర్చు లేని పనులు ఆయన చేతిలో చాలా ఉన్నాయి.

పిల్లవాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టడం. ప్రశ్న చదివి వినిపించడం. పది లెక్కల బదులు అయిదు ఇచ్చి పూర్తిగా చేయించడం. జవాబు నోటితో చెబితే మార్కు వేయడం. అక్షర దోషాలకు ఒక మార్కు, విషయానికి వేరే మార్కు ఇవ్వడం. అందరి ముందు లేచి చదవమని పట్టుబట్టకపోవడం. వీటిలో ఏదీ మిగతా పిల్లలకు నష్టం చేసేది కాదు.

రాణించే పిల్లలకూ రక్షణ కావాలి

'బాగా చదివేవాళ్లకు ఇంకేం సాయం? వాళ్లే చదువుకుంటారు' అనేది మన ఇళ్లలో మామూలు మాట. ఆ మాట తప్పని చెప్పడానికి కుంభకోణం కుర్రాడి కథ చాలు. శ్రీనివాస రామానుజన్‌ బడిలో మెరిశాడు. 1904లో కాలేజీలో స్కాలర్‌షిప్పుతో చేరాడు. గణితం తప్ప మరేదీ పట్టకపోవడంతో మిగతా సబ్జెక్టుల్లో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. తర్వాత మద్రాసులోనూ ఎఫ్‌.ఎ. గట్టెక్కలేదు. 1910లో నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లి కలిసింది ఎవర్నో తెలుసా? నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్‌.రామచంద్రరావును. ఆయన గణిత ప్రియుడు. విన్నాడు, నమ్మాడు, నెలకు 25 రూపాయలు ఇస్తూ నిలబెట్టాడు. ఆ సమయంలో ఎవరూ నిలబెట్టకపోతే?

మన ప్రాంతంలో ఈ ఆలోచన కొత్తది కాదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు. తర్వాత తాడికొండ, హిందూపురం పక్కన కొడిగెనహళ్లి వచ్చాయి. ప్రతిభ ఉన్న పల్లె పిల్లలను ఏరి చదివించడమే ఉద్దేశం. కొడిగెనహళ్లి కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరమే.

సరిహద్దు ఇవతలి పిల్లలకు నవోదయ ఉంది. 1986 విద్యా విధానం కింద వచ్చిన ఈ బళ్లలో ఆరో తరగతిలో ప్రవేశం. 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. అయిదో తరగతి చదువుతున్న జిల్లాలోనే రాయాలి. ఒక్కసారే అవకాశం. ప్రశ్నలు 80, మార్కులు 100, సమయం 2 గంటలు. దివ్యాంగులకు మరో 40 నిమిషాలు. పరీక్ష ప్రాంతీయ భాషల్లో ఉంటుంది. ఏ రాష్ట్రంలో ఏ భాషలు ఎంచుకోవచ్చో ప్రాస్పెక్టస్‌లో పట్టీ ఉంటుంది, ముందు అది చూడండి. ప్రశ్నల్లో సగం బొమ్మల మేధాశక్తివి కాబట్టి భాష ఏదైనా సాధన ఒకటే. యానాంలోనూ నవోదయ ఉంది. తమిళనాడులో మాత్రం ఒక్కటీ తెరవలేదు. హోసూరు, తిరువళ్లూరు పిల్లలకు ఆ తలుపు మూసే ఉంది.

వారికీ, మిగతా అందరికీ తెరిచి ఉన్న తలుపు ఎన్‌ఎంఎంఎస్‌. 2008లో మొదలైన ఈ ఉపకార వేతనానికి ఎనిమిదో తరగతిలో పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్‌ బళ్ల పిల్లలే అర్హులు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. మేధాశక్తి 90 ప్రశ్నలు, చదువు విషయాలు 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. మొత్తం 48,000. దేశమంతటా ఏడాదికి లక్ష మందికి, రాష్ట్రాలవారీ కోటా.

పావగడ అమ్మాయికి నవోదయ సంగతి అయిదో తరగతిలో ఎవరూ చెప్పలేదు. ఆ అవకాశం తిరిగి రాదు. ఎన్‌ఎంఎంఎస్‌ ఈ ఏడాదే. ఆదాయ ధ్రువపత్రం కోసం తండ్రి తాలూకా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. వేరుసెనగ పీకే రోజుల్లో కూలి మానుకుని మరీ. 'పిల్ల చదువు పదో తరగతితో ఆపేద్దామని ఇంట్లో మాటొచ్చింది సార్‌. నెలకు వెయ్యి వస్తే ఆ మాట ఎత్తరు' అన్నాడు. ఆ పరీక్షలో ఆ పిల్లకు దక్కేది డబ్బు మాత్రమే కాదన్నమాట!

ఒకప్పుడు పేరున్న జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష, అదే ఎన్‌టీఎస్‌ఈ, 2021 నుంచి ఆగిపోయింది. ఇంకా దానికి శిక్షణ ఇస్తామంటూ ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్త.

కుప్పం కొండల్లో...

మూడు రాష్ట్రాలు కలిసేచోట చిత్తూరు జిల్లా కుప్పం ఉంది. 1999లో పుట్టిన అగస్త్య ఫౌండేషన్‌ ఇక్కడ 172 ఎకరాల్లో సైన్సు కేంద్రం నడుపుతోంది. చుట్టుపక్కల ప్రభుత్వ బళ్ల పిల్లలు వచ్చి చేతులతో ప్రయోగాలు చేస్తారు. సంచార ప్రయోగశాలల వాహనాలు పల్లెలకు వెళ్తాయి. ప్రతిభ గల పిల్లలను గుర్తించే పద్ధతుల కోసం 2010 ప్రాంతంలో కేంద్ర ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం చొరవతో బెంగళూరులోని నియాస్‌ సంస్థ పని మొదలుపెట్టింది. మార్కులు చూసి ఏరడం కాదు, ప్రశ్నలడిగే పిల్లను గమనించి పట్టుకోవడం ఆ దారి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకు పాఠ్యాంశానికి మించిన ప్రోత్సాహం ఇవ్వాలని చెప్పింది.

బడిలో చేయగలిగేది? లెక్క త్వరగా చేసిన పిల్లకు అలాంటివే మరో ఇరవై ఇవ్వడం శిక్ష. లోతైనది ఒకటివ్వండి. 1 నుంచి 9 వరకు అంకెలను తొమ్మిది గళ్లలో ఎటు కూడినా 15 వచ్చేలా పెట్టమనండి. పెట్టాక ఎన్ని రకాలుగా పెట్టవచ్చో చెప్పమనండి. నడిమి గడిలో 5 తప్ప మరేదీ ఎందుకు కుదరదో అడగండి. ఒక్క లెక్కతో వారం గడుస్తుంది. ఒక సబ్జెక్టుకు పై తరగతిలో కూర్చోనివ్వండి. అప్పుడప్పుడు తోటివారికి చెప్పించడం మంచిదే, రోజూ కాపలా పని అప్పగించడం మంచిది కాదు. 'ఇన్‌స్పైర్‌ మానక్‌' పథకానికి ఆరో తరగతి నుంచి పిల్లల సొంత ఆలోచనలను బడి ద్వారా పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు.

ఇంతకీ సోలార్‌ పలకల సంగతి. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దక్షిణంగా ఉంటాడు. ఎండ నేరుగా పడేలా పలకలను అటు వంచుతారు. ఈ జవాబుకు పట్టింది ఒక్క నిమిషం. నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను అన్నా ఆ పిల్ల అడగడం మానేది కాదు.

మళ్లీ గులాబీ తోటకు

మరోసారి వెళ్లినప్పుడు హోసూరు పిల్లవాడి తల్లి ఒక సంచీ సర్దుతోంది. అందులో మూడేళ్ల నోటు పుస్తకాలు, పరీక్ష పేపర్లు. కళ్ల డాక్టరు చూపు బాగుందన్నాడు. బెంగళూరు వెళ్లడానికి రోజు దొరికింది. తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ బండి మీద బస్టాండులో దింపుతానన్నాడు. వెళ్లేముందు వాకిట్లో నిలబడి, ఎవరినో అడిగినట్టు అన్నాడు. 'నేనూ నాలుగో తరగతిలోనే మానేసినా సార్‌. నాకూ అక్షరాలు ఇట్లే కలిసిపోయేవి. అప్పుడు నన్నెవరూ యాడికీ పిలుచుకపోలేదు.'

పిల్లవాడు అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాడు.

గుర్తుంచుకోండి

* మూడో తరగతి: ఎనిమిదేళ్లు నిండినా ఇంటి భాషలో చిన్న వాక్యం చదవలేకపోతే ఇక ఆగవద్దు. ముందు కళ్లు, చెవులు చూపించండి.
* అయిదో తరగతి: నవోదయ దరఖాస్తు. పరీక్ష భాషను చూసి ఎంచుకోండి.
* ఆరో తరగతి నుంచి: ఇన్‌స్పైర్‌ మానక్‌కు ఆలోచనలు. పంపాల్సింది బడి, అడగాల్సింది మీరు.
* ఎనిమిదో తరగతి: ఎన్‌ఎంఎంఎస్‌. ఆదాయ ధ్రువపత్రం బడి తెరవగానే తీసుకోండి.
* తొమ్మిదో తరగతి: వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు సిద్ధంగా ఉండాలి. బోర్డు ఇచ్చే వెసులుబాట్లను హెడ్‌మాస్టారి ద్వారా రాతపూర్వకంగా అడగండి.
* ఏ తరగతిలోనైనా: పోల్చవద్దు, కొట్టవద్దు. రోజూ పావుగంట తెలుగు కథ చదివి వినిపించండి. చదవలేని పిల్లవాడికీ, చదివేసే పిల్లకూ అది పనికొస్తుంది.